కట్టె పెరికితేనే సేద్యం పూర్తి

ఏ వస్తువునైనా ఇంటికి తెచ్చుకొనేటప్పుడు మనకుండే సంబరం దాన్ని తీసెయ్యాల్సి వచ్చినప్పుడు వుండదు. తెచ్చిన రోజు నలుగురినీ పిలిచి చూపిస్తాం. పనికిరాని రోజు మూలకు తోసి తలుపు వేస్తాం. కంప్యూటరు విషయంలో మనకు యీ జబ్బు మరీ ముదిరింది. ఫలానా సాఫ్ట్‌వేరు ఎలా పెట్టుకోవాలో చెప్పేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. పెట్టినదాన్ని ఎలా తీయాలో చెప్పమంటే "డిలీట్ కొట్టు, పోతుంది" అనేవాడొకడు, "మొత్తం ఫార్మాట్ చెయ్యప్పా, పీడ వదులుతుంది" అనేవాడొకడు. మొదటివాడు పోనిదాన్ని పోయిందంటున్నాడు. రెండోవాడు కలుపు తీయమంటే చేనికి నిప్పు పెట్టమంటున్నాడు.

విద్యార్థి మిత్రులారా! లినక్సు మీద ఫైళ్ళు పంచుకొనే సాఫ్ట్‌వేరును పెట్టడమూ తీయడమూ గురించి నాలుగు మాటలు చెప్పడానికి యీ సంచికలో చోటు అడిగాను. ఇదేమి విషయం, మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. కారణం చెబుతాను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ కంపెనీవారి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 పాత మిషన్లమీద సరిగా ఎక్కదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కాస్త కొత్త ప్రాసెసరు కావాలని షరతు. ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా మా బోటివాళ్ళు కొనుక్కొనేది సెకండ్‌హ్యాండు కంప్యూటరు. దాన్ని పాత ఇనుపసామాన్లవాడికి వెయ్యకుండా ఇంకో నాలుగేండ్లు నడుపుకోవాలంటే కనబడుతున్న దారి లినక్సు ఒక్కటే. డబ్బు అడగదు, పాత మిషన్ను అసహ్యించుకోదు.

కాని ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఫైలు ఒక్కటే దాదాపు 6 జీబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే రీచార్జీ వేసుకున్నవాడికి అది నాలుగు రోజుల డేటా. ముప్పైమంది ఎవరికి వారు దించుకుంటే 180 జీబీ. ఒక్కరు దించి, లాబులోని వైర్లమీద మిగతా ఇరవైతొమ్మిదిమందికి పంచితే ఆరే జీబీ! ఫిజిక్సు రికార్డులు, కెమిస్ట్రీ నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, ప్రాక్టికల్ వీడియోలు అన్నింటికీ యీ లెక్కే వర్తిస్తుంది. వాట్సాప్ వుంది కదా అంటారు. పక్క బల్లమీది కంప్యూటరుకు ఫైలు పంపడానికి మన డేటా ఖర్చుపెట్టి సముద్రాలు దాటించడం ఏ లెక్కన తెలివి? అందుచేత ఫైళ్ళు పంచుకోవడం మనకు వినోదం కాదు, అవసరం. లేనివాడి అవసరం మరీను.

పంచుకోవడమనేది మన ప్రాంతానికి కొత్తది కాదు. మా అబ్బ కాలంలో జొన్న, కొర్ర విత్తనం ఇంట్లోనే దాచుకొనేవాళ్ళు. వూళ్ళో ఒకరికి లేకపోతే ఇంకొకరు బదులు ఇచ్చేవాళ్ళు. 2002లో బీటీ పత్తికి కేంద్రప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ తరువాత మన నల్లరేగడంతా పాకెట్ విత్తనమే. అది హైబ్రిడ్డు గనుక, యీ ఏటి గింజ దాచి వచ్చే ఏడు విత్తితే అదే పంట రాదు. ఏటేటా అంగడికి పోవాల్సిందే. డబ్బిచ్చి కొనే సాఫ్ట్‌వేరు కూడా యీ పాకెట్ విత్తనం లాంటిదే. లోపల ఏముందో చూడరాదు, పక్కవాడికి ఇవ్వరాదు, గడువు తీరితే మళ్ళీ కొనాలి.

లినక్సు అలా కాదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఉద్యమం మొదలుపెట్టాడు. 1991లో ఫిన్లాండులో లీనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్సు కెర్నెల్ రాసి లోకానికి వదిలాడు. అప్పటికి అతని వయస్సు ఇరవైయొకటి. అంటే మనకంటే ఒక యేడాది పెద్ద! గ్నూవారి లైసెన్సు ప్రకారం దాన్ని ఎవరైనా వాడవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మనదేశంలో 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కూడా ఇంచుమించు యీ మాటే అంటుంది. రైతు తన పంటలోని విత్తనం దాచుకోవచ్చు, మళ్ళీ విత్తవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు, అమ్మవచ్చు. బ్రాండు పేరు పెట్టి మాత్రం అమ్మరాదు. హైదరాబాదులో 'స్వేచ్ఛ' అనే సంస్థ డెబియన్ లినక్సు ఆధారంగా తెలుగు కనబడే ఆపరేటింగ్ సిస్టమును కూడా తయారుచేసింది. విప్పి చూసే హక్కు లేకుంటే అది సాధ్యమయ్యేదా?

ఇక ఫైళ్ళు పంచే సాఫ్ట్‌వేరులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటిది సాంబా. 1992 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ దాన్ని రాశాడు. లాబులో ఒక లినక్సు మిషన్‌లో ఫోల్డరు పెడితే, పక్కనున్న విండోస్ మిషన్లకూ లినక్సు మిషన్లకూ అది కనబడేటట్లు చేస్తుంది. రెండోది బిట్‌టొరెంట్. 2001లో బ్రామ్ కోహెన్ అనే అమెరికా యువకుడు కనిపెట్టాడు. పెద్ద ఫైలును చిన్నచిన్న ముక్కలు చేస్తుంది. నీకు దొరికిన ముక్క నాకిస్తావు, నాకు దొరికింది నీకిస్తాను. ప్రతి ముక్కకూ ఒక గుర్తు వుంటుంది గనుక చెడిన ముక్క చెల్లదు. మొత్తం ఫైలు దగ్గరుంచుకొని ఇతరులకు ఇచ్చేవాడిని 'సీడరు' అంటారు, అంటే విత్తనమిచ్చేవాడని! ఇంగ్లీషువాళ్ళకు కూడా చివరికి మన సేద్యం మాటే దొరికింది.

1938లో మాచాని సోమప్పగారి పూనికతో ఎమ్మిగనూరులో చేనేతవారి సహకార సంఘం వెలసింది. విడివిడిగా నూలు కొని విడివిడిగా బట్ట అమ్ముకుంటే నేతగాడు దళారి చేతిలో పడతాడు, కలిస్తే నిలబడతాడు అన్నదే సహకారంలోని సూత్రం. బిట్‌టొరెంట్ సూత్రం కూడా అదే. కాని సహకార సంఘమంటే చేరడం ఒక్కటే కాదు. చేరేటప్పుడు పుస్తకంలో పేరు రాస్తారు, వెళ్ళేటప్పుడు లెక్క తేల్చుకొని వెళ్ళాలి. లెక్క తేల్చకుండా వెళ్ళినవాడి పేరుమీద తగాదాలు మిగులుతాయి. కంప్యూటరులో మనం చెయ్యనిది ఆ లెక్క తేల్చడమే.

పెట్టడం ఎంత సులభమో చూడండి. టెర్మినల్ తెరిచి "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ సాంబా" అని కొట్టి, పాస్‌వర్డు ఇస్తే రెండు నిమిషాల పని. కాని ఆ రెండు నిమిషాల్లో ఎన్ని జరుగుతాయో మనం చూడం. ప్రోగ్రాము వస్తుంది. దానికి తోడుగా కావలసిన లైబ్రరీలు వస్తాయి. సెట్టింగుల ఫైలు ఒకటి సిస్టమ్ ఫోల్డర్లలో కూర్చుంటుంది. మిషన్ ఆన్ చేసినప్పుడల్లా తనంతట తాను లేచే సర్వీసు ఒకటి పుడుతుంది. అది 445, 139 నంబర్ల పోర్టుల దగ్గర తలుపు తెరిచి కూర్చుంటుంది. పైన మనం చేసేవి: ఫోల్డరుకు "ఎవరైనా రాయవచ్చు" అని అనుమతి, ఫైర్‌వాల్‌లో ఒక సందు. ఒక్క ఆజ్ఞతో మొదలైన పని ఆరేడు చోట్ల వేళ్ళు దిగుతుంది.

మరి తీసేటప్పుడో? "సుడో ఆప్ట్ రిమూవ్ సాంబా" అంటాం. ప్రోగ్రాము పోతుంది. సెట్టింగులు పోవు. ఇది లోపం కాదు, కావాలనే అలా కట్టారు. రేపు మళ్ళీ పెట్టుకుంటే పాత ఏర్పాట్లు చేతికి అందాలని. అవి కూడా వద్దనుకుంటే "రిమూవ్" బదులు "పర్జ్" అనాలి. ఇక్కడ కూడా ఒక మెలిక వుంది. సాంబా ముఖ్యమైన సెట్టింగుల ఫైలు సాంబా పాకెట్‌ది కాదు, 'సాంబా-కామన్' అనే ఇంకో పాకెట్‌ది. మొదటిదాన్ని పర్జ్ చేసినా రెండోది వున్నంతకాలం ఆ ఫైలు వుంటుంది. వచ్చే ఏడు ఎవరో జూనియరు అదే మిషన్‌లో మళ్ళీ సాంబా పెడతాడు. పోయిన ఏడు మనం "అందరూ రావచ్చు" అని తెరిచిన ఫోల్డరు, ఆ పిల్లవాడికి తెలియకుండానే మళ్ళీ తెరుచుకుంటుంది. మనం డిగ్రీ పట్టా తీసుకొని వెళ్ళిపోయుంటాం.

తోడుగా వచ్చిన లైబ్రరీలు పోవాలంటే "ఆటోరిమూవ్" అనాలి. అది పెద్ద జాబితా చూపించి 'వై' కొట్టమంటుంది. జాబితా చదివే కొట్టాలి. సంతకం పెట్టేముందు కాగితం చదవమని మన పెద్దలు చెప్పేది ఇందుకే. ఇక ఫైర్‌వాల్‌లో పెట్టిన సందు ఏ ఆజ్ఞతోనూ దానంతట అది మూసుకోదు, మనమే మూయాలి. పంచిన ఫోల్డరు, దాని అనుమతులు అలాగే వుంటాయి.

టొరెంట్ ప్రోగ్రాములకు ఇంకో రకం మెలిక. ట్రాన్స్‌మిషన్ అనే ప్రోగ్రాము 2008 నుంచి చాలా ఏళ్ళు ఉబుంటుతోపాటే వస్తూ వచ్చింది. దానిలో హద్దు పెట్టకపోతే ఫైలు దిగిన తరువాత కూడా లోకానికి ముక్కలు పంపుతూనే వుంటుంది. సీడరుగా వుండటం మంచిదే. కాని రోజుకు ఒకటిన్నర జీబీవాడు తెలియకుండా సీడరైతే మధ్యాహ్నానికి నెట్ ఖాళీ! ప్రోగ్రాము తీసేసినా దించిన ఫైళ్ళు డౌన్‌లోడ్స్‌లో వుంటాయి, దాని సెట్టింగులు మన హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే '.కాన్ఫిగ్' అనే చోట దాక్కుంటాయి. పర్జ్ అన్నా ఆప్ట్ హోమ్ ఫోల్డరు జోలికి రాదు. ఫైల్ మేనేజరులో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే ఆ దాగినవన్నీ కనబడతాయి. స్నాప్ పద్ధతిలో పెట్టినదైతే తీసేసిన తరువాత కూడా దాని డేటా నకలు మామూలుగా 31 రోజులు మిషన్‌లో వుంటుంది. సోర్సు కోడు దించి "మేక్ ఇన్‌స్టాల్" అని పెట్టినదైతే ఆప్ట్‌కు దాని సంగతే తెలియదు. ఎవరు పెట్టారో వాళ్ళే వెతికి తీయాలి.

మన వూళ్ళలో పత్తి సేద్యం చేసేవాళ్ళకు ఇదంతా కొత్తగా చెప్పనక్కరలేదు. ఆఖరి తీత అయిపోయి, పత్తి ఆదోని యార్డుకు చేరి, డబ్బు చేతికొచ్చిన తరువాత చేనివైపు చూడబుద్ధి కాదు. కాని కట్టె పెరకకుండా అలాగే వదిలేస్తే, విచ్చుకోని కాయల్లో గులాబీరంగు పురుగు దాక్కొని వచ్చే పంటకు ఎక్కుతుంది. పొయ్యిలోకని ఇంటిదగ్గర వామి వేసినా ఆ కాయలతోపాటే పురుగూ వస్తుంది. అందుకే సకాలంలో కట్టె పెరికి, చేను శుభ్రం చెయ్యమని వ్యవసాయ శాఖవారు ఏటా చెబుతారు. విత్తడం ఎంత సేద్యమో కట్టె పెరకడం అంత సేద్యం. పంట ఇచ్చిన మొక్కమీద కోపంతో కాదు, వచ్చే పంటమీద ఆశతో పెరుకుతాం. సాఫ్ట్‌వేరు తీయడం కూడా అంతే.

పురుగు అన్నది వట్టి పోలిక అనుకోకండి. 2017 మే 12న 'వన్నాక్రై' అనే పురుగు ప్రపంచంమీద పడింది. నూటయాభైకి పైగా దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళాలు వేసి, 300 డాలర్లు ఇస్తేగాని తియ్యనంది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది ఎక్కడినుంచి దూరింది? విండోస్‌లోని ఫైళ్ళు పంచే పాత పద్ధతిలోని కంతలోంచి! ఆ కంతను పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్‌వారు ఆ ఏడు మార్చిలోనే ఇచ్చారు. వేసుకోనివాళ్ళు, అక్కరలేని పాత తలుపును మూయనివాళ్ళు చిక్కుకున్నారు. లినక్సువాళ్ళం మనకేమీ కాదని మీసం మెలేసే లోపలే, అదే నెల 24న సాంబాలో కూడా 2010 నుంచి వున్న పెద్ద లోపం ఒకటి బయటపడింది. సవరణ వెంటనే వచ్చింది. కాని సాంబా తన మిషన్‌లో వుందని గుర్తులేనివాడు సవరణ ఎందుకు వేస్తాడు? మనం మరిచిపోయిన తలుపు దొంగకు గుర్తుంటుంది.

ఇప్పుడు అవతలి పక్షం మాట వినాలి. "అందుకేనయ్యా, యీ ఫైల్ షేరింగే వద్దంటున్నాం. మీరు చదువుకోసమని మొదలుపెట్టి సినిమాలు దించుతారు" అంటారు పెద్దలు. ఆ మాటలో నిజం లేకపోలేదు. 2013లో 'అత్తారింటికి దారేది' సినిమా విడుదలకు ముందే కొంతభాగం బయటికొచ్చి ఎంత గొడవైందో తెలుగువాళ్ళెవరూ మరిచిపోలేదు. 1957 నాటి కాపీరైటు చట్టం 63వ సెక్షన్ ప్రకారం తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలలనుంచి మూడేండ్ల దాకా జైలు, యాభైవేలనుంచి రెండు లక్షల దాకా జరిమానా వుంటాయి. ఇతరుల కష్టాన్ని దొంగిలించి పంచడాన్ని నేను సమర్థించను. పక్కవాడి చేలో పత్తి కోసి పదిమందికి పంచినవాడు ధర్మాత్ముడు కాడు.

కాని కత్తితో గొంతు కోసేవాడున్నాడని కూరగాయలు చేత్తో తుంచుకోవాలా? మన ప్రాంతంలోనే ఒక లాబులో జరిగింది చెబుతాను. ఎవరో ఒక మిషన్‌లో టొరెంట్ ప్రోగ్రాము పెట్టారు. నెట్ నెమ్మదించింది. ఫిర్యాదు పోయింది. పెద్దలు ఆ ప్రోగ్రామును తీయించలేదు. లినక్సునే అన్ని మిషన్లలోనుంచీ తుడిపించారు! దానితోపాటు సీనియర్లు రెండేండ్లు కూర్చిన నోట్సు ఫోల్డరూ పోయింది. ఆ తరువాత ఏమైంది? పంచుకోవడం ఆగిందా? పెన్‌డ్రైవులు జేబుల్లో తిరగడం మొదలైంది. పెన్‌డ్రైవులతో వైరస్సులు తిరిగాయి. నెట్ వున్నవాడు ఇంట్లో దించుకున్నాడు, లేనివాడు వాడి వెంట తిరిగాడు. నిషేధంతో నష్టపోయింది సినిమా దించినవాడు కాదు, కోసిగి నుంచో కౌతాళం నుంచో బస్సెక్కి వచ్చి లాబు తప్ప వేరే కంప్యూటరు లేని పిల్లవాడు. తీయడం చేతకానప్పుడే మనిషి తుడిచెయ్యడానికి పూనుకుంటాడు. ఆ చేతకానితనాన్ని క్రమశిక్షణ అని పిలవడం నాకు సమ్మతం కాదు.

విమర్శించి వూరుకుంటే లాభం లేదు గనుక నాకు తోచిన నాలుగు సూచనలు మన విద్యార్థి సంఘం ముందు పెడుతున్నాను.

ఒకటి: లాబులో ఒక్క మిషన్‌ను మాత్రమే పంచే మిషన్‌గా వుంచాలి. సాంబా దాంట్లోనే వుండాలి. చదవడానికి అందరికీ అనుమతి, రాయడానికి పాస్‌వర్డు వున్న కొద్దిమందికే. అప్పటికప్పుడు ఒక ఫైలు ఇవ్వడానికి సాంబా అక్కరలేదు. లోకల్‌సెండ్, వార్పినేటర్ లాంటి చిన్న ప్రోగ్రాములున్నాయి. మడికి ఇద్దరు కూలీలు చాలినచోట ట్రాక్టరు దింపవద్దు.

రెండు: లాబులో ఒక నోటుపుస్తకం పెట్టాలి. ఎవరు, ఏ తేదీన, ఏ ఆజ్ఞతో, ఏమి పెట్టారో అందులో రాయాలి. తీసిన రోజు ఎదురుగా తేదీ వేయాలి. ఆప్ట్ కూడా తన లాగ్ ఫైలులో యీ లెక్క రాసుకుంటుంది. యంత్రం రాసుకొనేది మనిషి రాయలేడా?

మూడు: పరీక్షలైన తరువాత ఏటా ఒకరోజు "కట్టె పెరికే రోజు"గా పెట్టుకోవాలి. అక్కరలేనివన్నీ పర్జ్ చెయ్యడం, సెట్టింగుల ఫైళ్ళు చూడటం, ఫైర్‌వాల్ సందులు మూయడం. చివర "ఎస్‌ఎస్ -టీఎల్‌ఎన్" అనే ఆజ్ఞ ఇచ్చి ఏ తలుపులు ఇంకా తెరిచివున్నాయో చూసుకోవడం. 445 కనబడలేదంటే పని అయినట్లు. నోట్సు ఫోల్డరును మాత్రం ముందుగానే వేరేచోట నకలు తీసి వుంచాలి; కట్టె పెరికే ముందు పత్తి ఇంటికి చేర్చమా?

నాలుగు: కంప్యూటరు ప్రాక్టికల్ పరీక్షలో ఇన్‌స్టాల్ చేసినదానికి ఎన్ని మార్కులో, శుభ్రంగా తీసినదానికీ అన్ని మార్కులివ్వాలి. మనవాళ్ళు మార్కులు లేనిది నేర్చుకోరు. ఇది చేదు నిజం, దాచుకోవడమెందుకు?

వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు. కావలసింది ఒక నోటుపుస్తకం, ఏటా ఒకరోజు, కొంచెం నమ్మకం. విద్యార్థుల చేతికి తాళంచెవి ఇస్తే పాడుచేస్తారని పెద్దలు భయపడితే, తాళం వేయడం కూడా మాకు వచ్చునని చూపించే బాధ్యత మనది. మన తరువాత యీ లాబులో కూర్చొనేది మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళే. వాళ్ళకు చేను అప్పగించేటప్పుడు పాతకట్టె లేకుండా, విత్తనం దండిగా వుండేటట్లు అప్పగిద్దాం.